నురుగు తగ్గాకే అసలు కాపలా

(కాలిఫోర్నియాలో పెరటితోటలు పెంచే తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బల్ల మీద ఈ మూడు సీసాలేమిటని ఇందాకటి నుంచి అడుగుతున్నారు. చివర్లో చెబుతాను. అంతవరకూ ఎవరూ మూతలు తీయకండి, ముఖ్యంగా ఆ చివరి సీసా మూత. అది తీస్తే మనమంతా బయట ఎండలో కూర్చోవలసి వస్తుంది.

నేను సూక్ష్మజీవశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. అమ్మాయి దగ్గరికని వచ్చి ఇక్కడే ఉండిపోయాను. వాళ్ళ పెరట్లో శాంటా రోజా రకం ప్లమ్ చెట్టు ఒకటుంది. హైదరాబాదులో ఆలూబుఖారా అంటామే, ఆ జాతి పండే. కొత్త మొక్కల రకాలు పెంచడంలో పేరుపడ్డ లూథర్ బర్బాంక్ ఈ రాష్ట్రంలోనే, శాంటా రోజా ఊళ్ళో పెంచి 1906లో బయటికి తెచ్చిన రకం. తొక్క పులుపు, లోపలి గుజ్జు తేనె. దానితో చిక్కల్లా ఒకటే: కాయలన్నీ కూడబలుక్కున్నట్టు రెండు వారాల్లో పండి రాలిపోతాయి. జామ్ చేశాం, పచ్చడి పెట్టాం, ఇరుగుపొరుగుకు పంచాం. చివరికి బుట్టతో నేను వీధిలోకి వస్తే తలుపులు వేసుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు వైన్ సంగతి ఆలోచించాను.

చట్టం మాట ఒక్కటి చెప్పి ముందుకు వెళతాను. ఈ దేశపు ఫెడరల్ నిబంధనల ప్రకారం పెద్దవాళ్ళు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరూ అంతకు మించీ ఉంటే 200 గ్యాలన్లు సొంత వాడకానికి చేసుకోవచ్చు. అమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో లైసెన్సు లేకుండా చేయడం నేరం. కాబట్టి ఇక్కడ విన్నది మీ బావగారికి వాట్సాప్‌లో పంపి ఆయన్ని ఇబ్బందిలో పెట్టకండి.

ఇక విషయానికి వద్దాం. వేసవి వచ్చిందంటే నా ఫోను నిండా ఫొటోలు. "టీచరుగారూ, పైన నురుగు కట్టింది, పారబోయాలా?" "అడుగున బురద చేరింది, పాడైందా?" "కోడిగుడ్డు వాసన వస్తోంది, విషమా?" ఇవన్నీ పంపేవాళ్ళు నిక్షేపంగా ఉన్న వైన్‌ని పారబోయడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు. నిజంగా చెడిపోయిన వైన్ ఫొటో మాత్రం ఎవరూ పంపరు. అది చెడే రోజుల్లో జాడీ ప్రశాంతంగా, తేటగా, చూడముచ్చటగా ఉంటుంది మరి.

నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఇంతే. జాడీ గోల చేస్తున్న రోజుల్లో మీరు నిశ్చింతగా నిద్రపోవచ్చు. గోల ఆగిన మర్నాటి నుంచి కాపలా మొదలుపెట్టాలి. మనం చేస్తున్నది సరిగ్గా తలకిందులు.

ఇడ్లీపిండి రుబ్బి పెట్టినవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. తెల్లవారి లేచేసరికి పిండి గిన్నె అంచు దాటి పొంగితే సంతోషిస్తాం. అదే పొంగు ప్లమ్ రసంలో కనబడితే గుండె గుభేలుమంటుంది. ఇంకా దగ్గరి పోలిక కావాలంటే కల్లుకుండ ఉంది. పొద్దున దించిన కల్లు తియ్యగా, నురగలు కక్కుతూ ఉంటుంది. మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది. మర్నాటికి నోట పెట్టలేనంత పులుపు. ఒక్క రోజులో ఆ కుండలో నాటకం మొత్తం అయిపోతుంది. ఈస్టూ మరికొన్ని బ్యాక్టీరియాలూ చక్కెరను తిని ఆల్కహాలు చేస్తాయి. ఆ వెనకే అసిటిక్ బ్యాక్టీరియా ఆ ఆల్కహాలును తిని వెనిగర్ చేస్తాయి. మన జాడీలో జరిగేదీ అదే నాటకం, కాకపోతే నెలల తరబడి సాగుతుంది. రెండో అంకం మొదలుకాకుండా తెర దించేయడమే వైన్ చేయడమంటే.

ఇలా పనిచేసే జీవుల్నీ చెడగొట్టే జీవుల్నీ విడదీసి చూడటం ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ మనకు నేర్పాడు. 1856లో ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో బీట్ దుంపల నుంచి ఆల్కహాలు తీసే బిగో అనే వ్యాపారికి కొన్ని తొట్లు చెడిపోతుండేవి. ఆయన కొడుకు పాశ్చర్ దగ్గర చదువుకుంటున్నాడు, అందుకని సాయం అడిగాడు. పాశ్చర్ మైక్రోస్కోపు పట్టుకుని వెళ్ళి చూస్తే, బాగున్న తొట్టిలో గుండ్రటి ఈస్టు కణాలు, చెడిపోయిన తొట్టిలో వాటికన్నా చాలా చిన్నవైన పుల్లల్లాంటి జీవులు. మనకు ఇంట్లో మైక్రోస్కోపు లేదు. కళ్ళూ ముక్కూ చెవీ ఉన్నాయి. అవి చాలు.

మొదటి రోజు. పండ్లు చితక్కొట్టి, చక్కెరా నీళ్ళూ కలిపి, ఈస్టు చల్లారు. మర్నాడు చూస్తే ఏమీ లేదు. ఇది మామూలే. ఈస్టు ముందు తన సంతతిని పెంచుకుంటుంది, ఆ తరవాతే పని. పన్నెండు గంటల నుంచి రెండు రోజుల దాకా పట్టవచ్చు. మరో మాట, ప్లమ్ తొక్క మీద, ద్రాక్ష తొక్క మీద తెల్లటి బూడిదలాంటి పూత ఉంటుంది చూడండి, దాన్ని చాలామంది ఈస్టు అనుకుంటారు. అది మైనం. పండు తన తేమ పోకుండా తానే పూసుకున్న పూత. ఈస్టు అక్కడక్కడా ఉంటుంది గానీ కంటికి కనబడదు.

రెండో రోజు, మూడో రోజు మొదలవుతుంది అసలు సందడి. తొక్కలూ గుజ్జూ అన్నీ పైకి తేలి దుప్పటిలా కప్పుకుంటాయి. ఆ దుప్పటి పగుళ్ళలోంచి గులాబిరంగు నురుగు బుసబుసమంటూ వస్తుంది. జాడీకి చెవి ఆనిస్తే, వాన మొదలయ్యే ముందు ఎండుటాకుల మీద చినుకులు పడినట్టు వినిపిస్తుంది. మా మనవరాలికి అది వినడం ఒక ఆట. వాసన రొట్టెల బట్టీ దగ్గర నిలబడ్డట్టుంటుంది. ఆ నురుగు రంగు పండును బట్టి మారుతుంది, ఒక్కోసారి గోధుమరంగు మచ్చలు కూడా కనబడతాయి. అవి గుజ్జు ముక్కలూ ఈస్టూ కలిసిన ముద్దలు. నురుగు ఎండి సీసా మెడకు అంటుకుని చారలా ఉండిపోతుంది, దాన్నీ బూజు అనుకుంటారు. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

ఈ సందడి రోజుల్లో ఎందుకు నిశ్చింత అన్నానో చెబుతాను. కిలో చక్కెర పూర్తిగా పులిస్తే సుమారు 280 లీటర్ల కార్బన్ డయాక్సైడు వస్తుంది. అంత గ్యాసు జాడీ లోపలి నుంచి బయటికి తోసుకొస్తుంటే గాలి లోపలికి ఎలా దూరుతుంది? వైన్‌ని చెడగొట్టే జీవుల్లో ముఖ్యమైనవాటికి గాలి కావాలి. ఈస్టు తనకు తెలియకుండానే మన గుమ్మం కాస్తోంది. పైగా చక్కెరను ముందు తనే ఊడ్చేస్తుంది. ఒక్క లొసుగు మాత్రం ఉంది, ఆ తొక్కల దుప్పటి. అది నీటిమట్టం పైకి లేచి ఎండిపోతే, పొడిగా ఉన్న ఆ పైభాగం మీద బూజూ అసిటిక్ బ్యాక్టీరియా స్థిరపడతాయి. అందుకే రోజుకు రెండుసార్లు శుభ్రమైన గరిటెతో దాన్ని లోపలికి ముంచాలి. ఎందుకు ముంచమంటారో తెలియక మానేసినవాళ్ళే ఎక్కువ.

ఇప్పుడు కోడిగుడ్డు వాసన. దీని దగ్గర కొంచెం ఆగుతాను, ఎక్కువ వైన్ వృథాగా మోరీలో కలిసేది ఈ భయంతోనే. నాలుగో రోజో ఐదో రోజో మూత తీయగానే కుళ్ళిన గుడ్డు కంపు. ఏదో క్రిమి చేరిందనుకుంటారు. ఏమీ చేరలేదు. అది ఆకలేసిన ఈస్టు ఏడుపు. ఈస్టుకు చక్కెర ఒక్కటే చాలదు, మాంసకృత్తులు కట్టుకోవడానికి నత్రజని కావాలి. పండ్లలో అది అసలే తక్కువ. మనం పండ్లు కొంచెం వేసి, నీళ్ళూ చక్కెరా ఎక్కువ పోస్తాం. ఉత్త అన్నం పెట్టి కూర వడ్డించనట్టు. అప్పుడు ఈస్టు గంధకాన్ని వాడుకోలేక హైడ్రోజన్ సల్ఫైడుగా వదిలేస్తుంది. మందు ఏమిటంటే నత్రజని అందించడం, అంటే డైఅమ్మోనియం ఫాస్ఫేట్. నవ్వుతున్నారు, అవును, మన పొలాల్లో వేసే డి.ఎ.పి.యే. కానీ ఎరువుల బస్తాలోది కాదు, వైన్ సామాను అమ్మేచోట ఆహారానికి తగినంత శుద్ధి చేసినది దొరుకుతుంది. పొట్లం మీద రాసినంతే, పులియడం సగానికి రాకముందే వేయాలి. వేసి బాగా కలిపితే చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో వాసన పోతుంది. దాన్ని పట్టించుకోకుండా నెలలు వదిలేస్తే మాత్రం అది ఉల్లిపాయ, వెల్లుల్లి వాసనల్లోకి మారుతుంది. అప్పుడు వదిలించడం కష్టం.

అడుగున మడ్డి సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మీగడరంగులో, పెరుగు తేరుకున్నట్టు మెత్తగా దిగేది పని ముగించిన ఈస్టు. దాన్ని కదపకుండా గొట్టంతో పై తేటను వేరే జాడీలోకి తీసుకోవాలి, అంతే.

మసక మాత్రం కొంచెం తికమక పెడుతుంది. మూడు నెలలైనా వైన్ తేరుకోదు, అటు చెడిన వాసనా లేదు. ప్లమ్, జామ, మామిడి పండ్లలో పెక్టిన్ ఎక్కువ. జామ్ గట్టిపడటానికి కారణమైన పదార్థమే ఇది. వైన్‌లో సన్నటి పొగలా నిలిచిపోతుంది. అనుమానం తీర్చుకోవాలంటే చెంచాడు వైన్‌లో నాలుగు చెంచాల మెథిలేటెడ్ స్పిరిట్, అంటే విషం కలిపిన, తాగకూడని ఆల్కహాలు, పోసి చూడండి, పెక్టిన్ ఉంటే జిగురు ఉండల్లా విరుగుతుంది. ఆ గ్లాసులోది అక్కడికక్కడే పారబోయాలి, పొరపాటున కూడా నోట పెట్టకూడదు. మొదట్లోనే పెక్టిన్‌ని విరగ్గొట్టే పెక్టినేజ్ ఎంజైము వేసుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

సరే, సందడి ఆగింది. ఎయిర్‌లాక్‌లో బుడగలు లేవు. ఎయిర్‌లాక్ అంటే తెలియనివాళ్ళకు: గ్యాసును బయటికి పోనిచ్చి గాలిని లోపలికి రానివ్వని చిన్న నీళ్ళ బుడ్డి. బుడగలు ఆగితే వైన్ అయిపోయిందని, మళ్ళీ వస్తే ఏదో పురుగు పట్టిందని తీర్మానిస్తారు. రెండూ తొందరపాటే. బిరడా వదులైతే గ్యాసు పక్కనుంచి పోతుంది, బుడగ కనబడదు. గది వేడెక్కితే కరిగి ఉన్న గ్యాసు బయటికొస్తుంది, పులియడం లేకపోయినా బుడగ కనబడుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. ప్లమ్‌లో ముఖ్యమైన ఆమ్లం మాలిక్ ఆమ్లం. ఈనోకాకస్ అనే బ్యాక్టీరియా దాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తూ సన్నటి, సూదిమొనంత బుడగలు వదులుతుంది. ఇది బ్యాక్టీరియాయే గానీ శత్రువు కాదు, పులుపు తగ్గి వైన్ మెత్తబడుతుంది.

కాబట్టి బుడగల్ని లెక్కపెట్టకండి, హైడ్రోమీటర్ కొనుక్కోండి. రసం నీళ్ళకన్నా ఎంత చిక్కనో చూపే గాజు గొట్టం, పాలలో నీళ్ళు పట్టుకునే లాక్టోమీటర్‌కు అక్కచెల్లెలు. నీళ్ళకు 1.000 చూపిస్తుంది, చక్కెర ఉంటే అంకె పెరుగుతుంది. మొదటి రోజు నా ప్లమ్ రసంలో 1.090 చూపించింది. చివరికి 0.996. ఆ తేడాను 131తో గుణిస్తే 12 శాతం పైచిలుకు ఆల్కహాలు. వారం ఎడంతో రెండుసార్లు చూసినా అంకె కదలకపోతే చక్కెర పని ముగిసినట్టు. కదులుతుండగానే సీసాల్లో పోసి బిరడా బిగిస్తే, ఇందాక చెప్పిన గ్యాసు ఎక్కడికి పోతుంది? సీసా పగులుతుంది. గాజు పెంకులు ఏ క్రిమికన్నా ప్రమాదం.

ఇప్పుడు నా సొంత అపజయం వినండి. రెండో ఏడాది పెట్టిన ప్లమ్ వైన్ అద్భుతంగా పులిసింది. తేట తీసి పెద్ద గాజు జాడీలో పోస్తే భుజం దాకానే వచ్చింది, మెడ దాకా నిండలేదు. పరవాలేదులే అనుకుని, ఎయిర్‌లాక్ పెట్టి, ఇండియా వెళ్ళిపోయాను. మేనకోడలి పెళ్ళి, ఆ తరవాత చుట్టాల ఇళ్ళు, రెండు నెలలు. వచ్చి చూస్తే ఎయిర్‌లాక్‌లో నీళ్ళు ఎండిపోయి అడుగున తెల్లటి మరక. జాడీలో వైన్ మీద గంజి ఆరితే కట్టే మీగడలాంటి పొర. తళుకు లేదు, తడి లేదు. జాడీని కొంచెం వంచితే ఆ పొర ముడతలు పడింది, గాజు గోడ మీదికి కూడా పాకి ఉంది. చెంచా తగలగానే బూడిదరేకుల్లా విడిపోయి లోపలికి రాలింది.

అక్కడే నిలబడి తేడా నేర్చుకున్నాను. నురుగు మిగులు అయితే బుడగలు కనబడతాయి, తడిగా మెరుస్తుంది, ఒక్కో దీవిలా ఉంటుంది, ఊపితే కరిగిపోతుంది. ఈ పొరలో బుడగల్లేవు. ఇది గాలి దొరికితేనే బతికే వేరే జాతి ఈస్టులు కట్టేది, క్యాండిడా, పికియా వంటివి. ఊరగాయ జాడీలో నూనె తగ్గితే పైన తెల్లగా కడుతుందే, దానికి దగ్గరి బంధువే. పలచగా ఉన్నప్పుడే పట్టుకుంటే నష్టం తక్కువ. పొర విరగకుండా కింద నుంచి వైన్‌ని గొట్టంతో తీసి, మోతాదు ప్రకారం మెటాబైసల్ఫైట్, అంటే క్రిముల్ని అణిచే సల్ఫైట్ పొడి, వేసి, చిన్న సీసాల్లో మెడ దాకా నింపేయాలి. మెడ దాకా అంటే మెడ దాకానే, బిరడాకూ వైన్‌కూ మధ్య రెండు వేళ్ళు.

నాది ఆ దశ దాటిపోయింది. పొర కింద వెనిగర్ ఉంది. అంతకుమించి గోళ్ళరంగు తుడిచే మందు వాసన. అది ఇథైల్ అసిటేట్, అసిటిక్ బ్యాక్టీరియా పని. వీటిని జాడీ దగ్గరికి మోసుకొచ్చేది ఎవరనుకున్నారు, అరటిపండ్ల మీద ముసిరే ఆ చిట్టి ఈగలు. ఈగ పడిన ప్రతి వైనూ చెడదు, కానీ ఈగ దూరే సందు ఉన్నచోట గాలీ దూరుతుంది. ఆ మాటకొస్తే అసిటిక్ ఆమ్లం కొంచెం ప్రతి వైన్‌లోనూ ఉంటుంది. ఈ దేశంలో అమ్మే ఎర్ర వైన్‌లో లీటరుకు 1.4 గ్రాములు, తెల్లదానిలో 1.2 గ్రాములు దాటకూడదని నిబంధన. ముక్కుకు సూటిగా తగిలిందంటే మళ్ళీ వెనక్కి తేలేం. సోడా వేసి పులుపు విరుద్దామని ఒకాయన చెప్పారు. నేను వేసి చూశాను. వెనిగర్ వైన్ కాలేదు, సబ్బునీళ్ళయింది.

బూజు అయితే బొచ్చు ఉంటుంది, రంగు ఉంటుంది: ఆకుపచ్చ, నలుపు, నీలం. గుండ్రటి మచ్చలుగా మొదలవుతుంది. దీనికి మాత్రం నా దగ్గర కనికరం లేదు, మొత్తం పారబోయండి. పైమచ్చ తీసేస్తే చాలదా అంటారు. కొన్ని బూజులు వదిలే విషాలు కిందికి కరుగుతాయి. కుళ్ళిన ఆపిల్‌లో పెరిగే పెనిసిలియం జాతి బూజు పట్యులిన్ అనే విషాన్ని చేస్తుంది. అందుకే రాలిన పండ్లలో మచ్చపడిన భాగం కోసి కొంచెం మిగిలినది వేసే పొదుపు నేను చేయను. పొదుపు చూపించడానికి వేరే చోట్లున్నాయి.

సాగే వైన్ కూడా ఒకటుంది, వంచితే నూనెలా, బెండకాయ జిగురులా తీగ సాగుతుంది. లాక్టిక్ బ్యాక్టీరియాలో కొన్ని చేసే పని అది. ఎలుక బోను వాసనది మరొకటి. విచిత్రమేమిటంటే అది గ్లాసులో వాసన చూస్తే తెలియదు, మింగాక కొన్ని క్షణాలకు గొంతు వెనక నుంచి వస్తుంది. వైన్ పులుపులో ఆ వాసన పదార్థం ఆవిరి కాదు, నోటి లాలాజలం తగిలి పులుపు తగ్గాకే పైకి లేస్తుంది. చుక్క అరచేతిలో రుద్ది చూస్తే ముందే పట్టేయవచ్చు. ఇక తియ్యటి వైన్ కావాలని, ఈస్టు మళ్ళీ పెరగకుండా ఆపే పొటాషియం సార్బేట్ వేసేవాళ్ళకు ఒక హెచ్చరిక: సల్ఫైట్ లేకుండా అదొక్కటే వేస్తే, లాక్టిక్ బ్యాక్టీరియా దాన్ని నలిపిన జెరేనియం ఆకు వాసనగా మార్చేస్తుంది. దానికి విరుగుడు లేదు.

అడగండమ్మా... గట్టిగా అడగండి. పాడైన వైన్ తాగితే ప్రాణం మీదికి వస్తుందా అంటున్నారు. నేను ఇంతవరకు చెప్పిన చెడులు, బూజు తప్ప, రుచిని చంపేవే. వైన్‌లో ఆల్కహాలూ పులుపూ కలిసి ఉంటాయి, మనుషులకు జబ్బు చేసే క్రిములకు అక్కడ నిలువనీడ దొరకదు. కానీ పులుపు లేనివాటితో ప్రయోగాలు చేయకండి. 2011లో యూటా రాష్ట్రంలోని ఒక జైలులో ఖైదీలు దొంగచాటుగా పులియబెట్టుకున్న మద్యంతో ఎనిమిది మందికి బొట్యులిజం, అంటే నరాల్ని చచ్చుబరిచే విషాహార జబ్బు, వచ్చింది. పండ్ల వల్ల కాదు, అందులో వేసిన నిలవ బంగాళాదుంప వల్ల. పండే వేయండి, పులుపు తక్కువైతే నిమ్మ ఉప్పు కలపండి.

మిథనాల్ అనే విషపు ఆల్కహాలు గురించి వెనక ఆ బాబు అడిగారు. పండ్ల పెక్టిన్ నుంచి కొద్దిగా పుడుతుంది, పులియబెట్టిన వైన్‌లో అది ప్రమాదం చేసేంత ఉండదు. మన ఊళ్ళలో కల్తీసారా చావులకు కారణం పారిశ్రామిక మిథనాల్ కలపడం. ఇంట్లో బట్టీ పెట్టి వైన్‌ని కాచి దించే ఆలోచన మాత్రం ఎవరికీ వద్దు, అది ఇక్కడా నేరమే.

మరో ప్రశ్న... ఆ వెనిగర్‌ని ఆవకాయలోనో మరో నిలవ పచ్చడిలోనో వాడుకోవచ్చా? సలాడ్‌లో వేసుకోండి. నిలవ పచ్చడికి వద్దు. అందులో ఆమ్లం ఎంతుందో కొలవలేదు, పచ్చడిని కాపాడేది ఆ కొలతే.

ఇక ఈ సీసాలు. మొదటిది పోయిన వారం పెట్టింది, ఇంకా నురగలు కక్కుతోంది, అందుకే దాని మూత బిగించలేదు. చెవి ఆనించి వినండి. రెండోది కోడిగుడ్డు కంపు కొట్టి, డి.ఎ.పి. వేశాక కోలుకున్నది. ముక్కు పెట్టి చూడండి, ఏ వంకా దొరకదు. మూడోది నేను ఇండియా వెళ్ళొచ్చిన జాడీలోది, గుర్తుగా దాచుకున్నాను. దాన్ని ఆఖరున, ఒక్కొక్కరే, కాస్త దూరంగా పెట్టుకుని చూడండి. ముందుగా అది చూశారంటే మిగతా రెండింటి వాసనా మీకు ఇవాళ తెలియదు. బాబూ, ఆ కిటికీ కాస్త తెరవండి.